లద్దె పురుగు, మా అత్తగారి మర్యాద

మొన్నటి శీతాకాలం నేను ఆర్గానిక్ రైతునయ్యాను. నర్సీపట్నంలో మా అద్దె ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. అందులో పాలకూర, తోటకూర, చుక్కకూర చల్లాను. మొలకలు అంగుళం లేచీ లేవగానే బడిలో తోటి టీచర్లందరికీ ఫొటోలు చూపించి, "మందు కొట్టని ఆకుకూర, తలో కట్ట తెస్తాను" అని మాట ఇచ్చేశాను. ఆ మాట పురుగుల చెవిన కూడా పడ్డట్టుంది. టీచర్ల కంటే ముందే వచ్చేశాయి.

ఒక ఆదివారం పొద్దున్న చూస్తే పాలకూర జల్లెడలా ఉంది. పురుగు మాత్రం ఒక్కటీ కనబడలేదు. నేను చదువుకున్నవాణ్ణి కనక మొక్కల్లో వెతకలేదు, యూట్యూబ్‌లో వెతికాను. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని పొలం మధ్య నిలబడ్డ ఒకాయన, వేపాకు, వెల్లుల్లి, పచ్చిమిర్చి రుబ్బి చల్లితే పురుగు మళ్లీ ఆ వైపు చూడదన్నాడు. మా ఆవిడ బజారుకెళ్లిన సమయం చూసి మిక్సీలో రుబ్బాను. పురుగుల సంగతేమో కానీ, మర్నాడు కొబ్బరి చట్నీ వైపు మా ఇంట్లో ఎవరూ రెండోసారి చూడలేదు.

"ఈ మిక్సీలో ఏటి రుబ్బేరు?" అంది మా ఆవిడ.

"కషాయం."

"అయితే ఇడ్లీలోకి అదే ఏసుకోండి."

ఈ వ్యవసాయమంతా చూస్తున్న మనిషి ఇంకొకరున్నారు. మా అత్తగారు. ఊరు రోలుగుంట. ఊహ తెలిసినప్పటి నుంచీ పొలం పనే. కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మా ఇంట్లో ఉంటున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నాతో మాట్లాడినవి మూడే ముక్కలు: ఎప్పుడొచ్చేరు బాబూ, భోంచేసేరా బాబూ, అప్పుడే ఎల్లిపోతారా బాబూ. నేను గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచిపోతారు. అలాంటావిడ రోజూ వెనక గుమ్మంలో కూర్చుని నేను మందు చల్లడం చూస్తుంటే, మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.

కషాయం పని చేయకపోయేసరికి సబ్బు నీళ్లకు దిగాను. వీడియోలో చెప్పినదానికి రెట్టింపు సబ్బు కలిపి, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టాను. సాయంత్రానికి తోటకూర అంచులు మాడిపోయాయి. పురుగులు నెలరోజుల్లో చేయలేని పని నేను ఒక్క పూటలో చేశాను.

మర్నాడు పొద్దున్న మళ్లీ స్ప్రేయర్ పట్టుకునేసరికి, గుమ్మంలోంచి చిన్న గొంతు వినిపించింది.

"బాబూ, ఏటనుకోకండి. ఆకు మీద కొడితే ఏటి లాభం? అదుండేది కిందన. ఓపాలి తిరగేసి సూడండి."

తిరగేశాను. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్ద. పక్క ఆకు కింద, దారం ముక్కల్లాంటి పిల్ల పురుగులు డజన్ల కొద్దీ.

"లద్దె పురుగండి. పెద్దయి పగలు మట్టిగెడ్డల కింద దాక్కుంటాయి," అన్నారావిడ నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను బడిలో చెప్పేది సైన్సు. గుడ్డు, లార్వా, ప్యూపా అంటూ కీటకం జీవితచక్రం ఏటా బోర్డు మీద రంగు సుద్దలతో గీస్తాను. బొమ్మ బాగుంటుందని పేరు కూడా ఉంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?" అన్నాను. గొంతులో కొంచెం కోపం కూడా ఉందేమో.

"అల్లుడుగారు మీరు సేత్తంటే నానెలా అడ్డం సెప్తానండి? సదువుకున్నోరు, ఏదో లెక్కుంటాదనుకున్నాను. నిన్న తోటకూర మాడిపోనాక ఇంక మనసొప్పలేదు."

అంటే ఆవిడ మర్యాద నా మీద. జాలి తోటకూర మీద. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పీట తెచ్చి మడి పక్కన వేశాను. మొదట కూర్చోనన్నారు. తరవాత కూర్చున్నారు. గుడ్లున్న ఆకులు నేను తుంచుతుంటే, ఆవిడ పుల్లతో మట్టిగడ్డలు కదిపి, లావుపాటి పురుగుల్ని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేశారు. నా సబ్బు నీళ్లకు అలా ఒక ఉపయోగం దొరికింది.

వారం రోజులు పొద్దున్నే అదే పని. చేతులు పనిలో ఉండేసరికి ఆవిడకు మాటలు వచ్చాయి. ఒకప్పుడు చెరకు తోటలో పాము కనబడితే మా మామగారు గట్టెక్కి కేకలు పెడుతుంటే తనే కర్ర తీసుకున్న సంగతి చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఈ కథ మా ఆవిడకు కూడా తెలియదట.

పాలకూర చివరికి మూడు కట్టలు వచ్చింది. టీచర్లకు ముఖం చూపించలేక బజారులో కొని ఇద్దామనుకున్నాను గానీ, అక్కడి ఆకులు మరీ నున్నగా ఉన్నాయి, ఎవరూ నమ్మరు. నిజం చెప్పేశాను. వాళ్లు నవ్వుకోవడానికి ఒక వారం పట్టింది.

అత్తగారు రోలుగుంట వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోను మొదట నాకే వస్తుంది. మెంతులు చల్లేరా, ఆకులు తిరగేసేరా అని అడుగుతారు. ఆ తరవాతే కూతురెలా ఉందని. మా ఆవిడ దీన్ని నా వ్యవసాయం సాధించిన అభివృద్ధిగా ఇంకా ఒప్పుకోలేదు.