పొయ్యిలో బూడిద లేదు

రూతమ్మ టీచరుగారు మా ఊరి మేలు కోసం ఆరు రోజులు ఉపవాస ప్రార్థన చేశారని అందరూ చెబుతారు. పోయిన ఆదివారం మా ఊరి చర్చి వార్షికోత్సవంలో మళ్ళీ చెప్పారు. ఆవిడ ఉపవాసం చేయలేదు. ఈ మాట అన్నందుకు నన్ను గయ్యాళి అన్నారు, అనుకోనీ, ఆ బిరుదు నాకు కొత్తేం కాదు. ఈ ఉదయం నరసరావుపేటలో మా పెరటి గోడ మీది దొండతీగ కత్తిరిస్తుంటే ఆకులు నలిగి చేతులకు పసరంటింది. ఆ పచ్చివాసన తగిలేసరికి కత్తెర పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాను. చిన్నప్పుడు మేం పలకలు తుడిచింది దొండాకుతోనే. రూతమ్మగారు నాకు రాయడం నేర్పింది కూడా ఆ తుడవడంతోనే.

మా ఊరు నకరికల్లుకు రెండు మైళ్ళు. మిషన్ వారి బడి ఒకే గది, ఒకే టీచరు. రూతమ్మగారికి భర్త లేడు, పిల్లలు లేరు. బడి వెనక గదిలో ఒక్కతే ఉండేది. యుద్ధం రోజులు కావడంతో కాగితం దొరికేది కాదు. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పొద్దుగూకే వేళ, ఆ రోజు చూసిన ఒక్క సంగతి ఇంటి దగ్గర పలక మీద రాయాలి. రాసింది ఒకసారి చదువుకుని దొండాకుతో తుడిచేయాలి. తెల్లారి బడికొచ్చాక బుర్రలో ఎంత మిగిలితే అంతే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం కూడా పాత రిపోర్టుల వెనక వైపే, మనిషికి అర పేజీ. “తుడిస్తే పోయిందాని కోసం ఏడవబాకండి. అది మీకు పట్టలేదు, అంతే” అనేది.

నేను మొదట రాసింది మా అమ్మ గురించి. ‘మా అమ్మ చాలా కష్టపడుతుంది’ అని రాసుకుపోయి, మెచ్చుకుంటుందని ఎదురుగా నిలబడ్డాను.

“ఏందే సుగుణా ఇది? కష్టమంటే ఏ రంగులో ఉంటది?”

నేను ఆవిడ చేతిలోని కాగితం వైపు చూశాను.

“నిన్న మీ అమ్మ ఏం జేసింది?”

“మిరపకాయలు కోసిందండీ.”

“ఇంటికొచ్చినాక?”

“చేతులు మండుతుంటే మజ్జిగలో పెట్టుకుంది.”

“మీకు గేదె లేదు గదా. మజ్జిగ యాడిది?”

“కోసిన చేను వాళ్ళింట్లో అడుక్కొచ్చింది.”

“చూశావా, ఇంత ఉంచుకోని నాకు ‘చాలా కష్టం’ అని రాసిస్తావా? పో. అయ్యో, పాపం అని రాశావంటే వీపు చీరేస్తా. ముందే నువ్వు ఏడిస్తే చదివేవాళ్ళకు ఏం మిగిల్చావే?”

ఆ కాగితం ఇంట్లో చదివితే అమ్మ పగలబడి నవ్వింది. “నా చేతుల మంట కూడా మీకు పాఠమైందా! రేపు నా కాలి పగుళ్ళు రాయండి, ఇంకో పేజీ నిండుద్ది” అంది.

నా దస్తూరి బాగుంటుందని ఆవిడ మిషన్ పైవాళ్ళకు పంపే నెలసరి రిపోర్టు నాచేత సాపు రాయించేది. మిగతా ఊళ్ళ టీచర్లు ఎంతమంది మతం మారారో, ఎంత ఆనందంగా ఉన్నారో రాసేవారట. ఈవిడ మాత్రం ‘ఈ నెల ఎవరూ మారలేదు. ముగ్గురు పిల్లలు బడి మాని మిరప కోతకు వెళ్ళారు’ అని చెప్పి రాయించేది. ప్రోత్సాహకరంగా రాయమని ఒకసారి రిపోర్టు తిప్పి పంపారు. ఆవిడ అదే రిపోర్టు ఇంకో కాగితం మీద రాయించి పంపింది. ఆ తరువాత జీతం రావడం ఆగిపోయింది. ఆ సంగతి పెద్దవాళ్ళకే తెలియదు, ఇక పన్నెండేళ్ళ నాకేం తెలుస్తుంది?

అగ్గిపెట్టెలకూ కరువే అప్పుడు. పొయ్యి ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకు పోయేవాళ్ళం. ఒకరోజు అమ్మ చేను నుంచి వచ్చేసరికి మా పొయ్యి ఆరిపోయింది. దగ్గరని నన్ను టీచరమ్మ గదికి పంపింది. “ఇయ్యాల పెందలాడే ఆరిపోయిందే” అందావిడ. మర్నాడూ వెళితే “ఒంట్లో బాగాలేక వండుకోలా” అంది. మూడో రోజు పక్కవీధి వైపు చెయ్యి చూపించింది. నాలుగో రోజు నేను అడగలేదు, చూశాను. గడప మీద పిల్లలిచ్చిన రేగుపళ్ళ గింజలు ఉన్నాయి. ఇంటికొచ్చి పలక మీద రాశాను. దొండాకుతో తుడిచాను. పొద్దునకు ఒక్క అక్షరం పోలేదు.

‘పొయ్యిలో బూడిద లేదు. నాలుగు రోజులుగా లేదు. కుండ బోర్లించి ఉంది. కుండ అడుగున మసి మీద సాలీడు గూడు కట్టింది. టీచరుగారికి ఆకలి.’

ఎవరి గురించి రాస్తున్నానో, దాన్ని చదివేది ఎవరో నాకు తట్టనే లేదు. బాగా కుదిరిందన్న సంబరం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. ఆవిడ ఎప్పటిలాగే కాగితం అందుకుని, ఎప్పటిలాగే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగింది. అది ఎవరి పొయ్యో నాకప్పుడు తట్టింది.

“నాలుగు గాదే. ఆరు.”

నేను పెన్సిలు వెతుక్కున్నాను.

“ముందు రెండు రోజులూ నువ్వు నిప్పుకు రాలా. చూసింది నేను, చెబుతున్నా. దిద్దు.”

నాలుగు కొట్టేసి ఆరు రాశాను. పెన్సిలు మొన విరిగింది. ఆవిడ తన పెన్సిలిచ్చి, చివరి వాక్యం మీద వేలు పెట్టింది. “ఇదీ తీసెయ్యి. ఆకలి నువ్వు చూశావా? పొయ్యి చూశావు, పొయ్యి రాయి.” తీసేశాను. చదవడం పూర్తి చేసి, “బాగా రాశావే” అంది. అంతకు ముందు ఎవరినీ ఆ మాట అనలేదు.

అమ్మ విషయం విని నా వీపు విమానం మోత మోగించింది. “టీచరమ్మ పొయ్యిని ఊరందరికీ జూపిస్తావటే!” అంటూనే జొన్న సంకటి గిన్నె పట్టుకుని పరుగెత్తింది. ఆవిడ సంకటంతా తిని, గిన్నె కడిగిచ్చి, “ఉప్పు తక్కువైంది వదినా” అంది.

ఆ నెల రిపోర్టు సాపు రాయడానికి వెళితే, రిపోర్టు లేదంది. నా కాగితాన్నే మడిచి కవరులో పెడుతోంది.

“అది నాది గదండీ!”

“నీదే. కింద నీ పేరు పెట్టు.”

పెట్టాను. రెండు నెలలకు ఆవిడను బొల్లాపల్లి వైపు ఎక్కడికో మార్చారు. పెట్టె ఎత్తి బండిలో పెడుతూ నా వైపు చూసి, “పలక మానబాక” అంది. అంతే. గుంటూరులో కాలేజీలో చేరిన ఏడాది ఆవిడ పోయిందని తెలిసింది.

పలక మానలేదు. ఇరవై ఏళ్ళుగా పత్రికలకు చూసినవి చూసినట్టు రాస్తున్నాను. ఇప్పుడు కాగితానికి కొదవ లేకపోయినా సాయంత్రం పలక, పొద్దున కాగితం. రాయడానికేమీ లేదనిపించిన రోజున కూడా ఒక పొయ్యో, ఒక గిన్నో దొరుకుతుంది. ఇన్నేళ్ళూ ఎండిపోకుండా రాయగలిగానంటే ఆ అర పేజీ వల్లే.

పోయిన ఆదివారం పాస్టరుగారు ఒక పాత చిన్న పుస్తకం తెరిచి చదివారు. మిషన్ వాళ్ళు ఎప్పుడో అచ్చేసింది. “పొయ్యిలో బూడిద లేదు. ఆరు రోజులుగా లేదు. కుండ బోర్లించి ఉంది…” ముప్పై ఏళ్ళ నాడు నేను రాసిన మాటలు, వరస కూడా మారలేదు. వాటి కింద ఎవరో చేర్చిన వాక్యం ఒక్కటే: ‘ఈ దాసురాలు ఆ ఊరి కోసం అన్నపానాలు విడిచి ప్రార్థించింది.’ నా పేరు లేదు.

లేచి నిలబడ్డాను. “అయ్యగారూ, అది ఉపవాసం కాదు. ఇంట్లో గింజ లేదు. రాసింది నేను.”

వెనక నుంచి ఒక సంఘపెద్ద, “ఇంత మంచి సాక్ష్యాన్ని ఎందుకమ్మాయ్ పాడు చేస్తావు? కూర్చో” అన్నాడు. కొందరు నవ్వారు. కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టింది ఆయన మాట కాదు. ఆ పేజీలో నా మాటలు వాళ్ళు ఒక్క ముక్క కూడా మార్చలేదు. మార్చవలసిన అవసరమే రాలేదు.

దొండపసరు చేతుల నుంచి ఇంకా వదల్లేదు. ఈ సాయంత్రం పలక మీద ఏం రాస్తానో తెలుసు. తుడవాలో లేదో తెలియదు. టీచరుగారూ, ఆ ఒక్క ‘ఆకలి’ని మీరు నాచేత ఎందుకు కొట్టేయించారు?