గొర్రెపిల్లల గంపలో తనూజ

ఉరుకుందమ్మకు గొర్రెలు కొత్త కాదు గానీ, గొర్రెల మధ్య పడుకోవడం కొత్త. ఆలూరు దగ్గర ఆమె పుట్టినూళ్ళో పొద్దు మునిగితే తలుపు మూసి గడియ పెట్టుకునేవాళ్ళు. అత్తగారింట్లో ఏడాదిలో సగం రోజులు గడియా లేదు, తలుపూ లేదు. కార్తీకం దాటగానే ఆ వైపు మేత మాడిపోతుంది. మామ పెద్ద ఈరన్న, మొగుడు బొజ్జన్న మందను తోలుకుని కడప జిల్లాలోకి దిగేవాళ్ళు. మైదుకూరు కింద కాలువ నీళ్ళతో పండిన వరి మళ్ళు అప్పటికి కోసేసి ఉంటాయి. ఎరువు కోసం రైతులు పిలిచి మరీ తమ మడిలో మంద కట్టించుకునేవాళ్ళు. ఇవాళ ఒకరి మడి, ఎల్లుండి ఇంకొకరిది. మంద ఎక్కడ ఆగితే పడక అక్కడే.

పెళ్ళయిన ఏడాది ఆమె కంబళి కప్పుకుని ఎలాగో నెట్టుకొచ్చింది. మరుసటేడు చంకలో తనూజ ఉంది. ఇంకా బోర్లా పడడం నేర్వని పిల్ల. అక్కడ మొదలైంది తగవు.

బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి? నేల మీద వేస్తే తేళ్ళు, మంచు. పక్కలో వేసుకుంటే, కుక్క మొరిగిన ప్రతిసారీ బొజ్జన్న దిగ్గున లేచి అడ్డదిడ్డంగా పరిగెత్తుతాడు. ఆ పాదం ఎక్కడ పడుతుందో తెలియదు. మూడు గడలు నిలబెట్టి చీరతో ఉయ్యాల కడితే, రెండో రోజే ఒక పొట్టేలు గడను పొడిచింది. ఉయ్యాల నేలకు తగిలే లోపు ఉరుకుందమ్మ బిడ్డను పట్టుకుంది గానీ, ఆ పొద్దంతా చంక దించలేదు.

పెద్ద ఈరన్న ఒక గంప తెచ్చాడు. నడవలేని గొర్రెపిల్లలను ఉంచే పెద్ద వెదురు గంప. అడుగున ఎండుగడ్డి పరిచి, మీద కంబళి మడిచి వేసి, మూతికి వల కట్టాడు.

"నా బిడ్డేమన్నా గొర్రెపిల్లనా మామా?" అంది ఉరుకుందమ్మ.

"నీ మొగుడు గూడా దీంట్లోనే పెరిగినాడు మ్మే. ఒకటి తొక్కిందీ లేదు, ఒకటి కరిసిందీ లేదు."

"అందుకే ఆయప్ప అట్లుండాడు."

బొజ్జన్న నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. ఆమె కొన్నాళ్ళు మామతో సరిగా మాట్లాడలేదు. అయితే గంపలో వేశాక తనూజ ముందుకంటే ఎక్కువసేపు నిద్రపోయింది. పక్క గంపల్లో గొర్రెపిల్లలు ఎంత అరిచినా కదిలేది కాదు. మెల్లగా ఉరుకుందమ్మ మధ్యాహ్నం నిద్రకు కూడా బిడ్డను అందులోనే వేయసాగింది. ఎండ పడకుండా వల మీద తన పాత చీర ముక్క ఒకటి కప్పేది.

ఆ రోజు బువ్వ తిన్నాక బొజ్జన్న మందను కాలువ అవతలికి తోలుకుపోయాడు. కుక్కలు కూడా అతని వెంటే పోయాయి. పెద్ద ఈరన్న గంపల పక్కన తుమ్మకొమ్మలు కొట్టి గొర్రెపిల్లలకు వేస్తున్నాడు. తనూజ నిద్రపోతోంది. ఉరుకుందమ్మ బట్టలు తీసుకుని పిల్లకాలువ దగ్గరికి వెళ్ళింది. పిలిస్తే పలికేంత దూరమే.

మట్టిబాట మీద ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగడం ఆమె చూసింది. ముగ్గురు దిగారు. గొర్రెపిల్లలు కొనడానికి అట్లాంటి ఆటోల్లో వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. మామ తల అడ్డంగా ఊపుతున్నాడు, అమ్మనని అంటున్నాడు కాబోలు అనుకుని చీర పిండుకుంది. మళ్ళీ తలెత్తేసరికి వాళ్ళలో ఒకడి చెయ్యి పైకి లేచి ఉంది. చేతిలో ఇనప రాడ్డు. అది దిగింది. పెద్ద ఈరన్న రెండు చేతులూ తలకు పెట్టుకుని కూలబడ్డాడు. వాడు ఇంకోసారి కొట్టాడు. ముసలాయన పక్కకు ఒరిగాడు.

ఉరుకుందమ్మ బట్టలు వదిలేసి పరిగెత్తింది. మిగతా ఇద్దరూ గంపలు ఎత్తి ఆటోలో వేస్తున్నారు. ఒకటి. ఇంకొకటి. మూడోది ఎత్తినప్పుడు దాని మీద తన చీర ముక్క కనిపించింది.

"రేయ్! దాంట్లో నా బిడ్డుండాది! బిడ్డరా!"

ఇంజను మోతలో వినలేదో, విన్నా గొర్రెపిల్లనే అలా అంటోందనుకున్నారో. ఆటో కదిలింది. ఇద్దరు వెనక గంపల మధ్య ఎక్కారు.

వెంటపడి లాభం లేదని ఆమెకు తట్టింది. బాట మడి చుట్టూ తిరిగి పోతుంది, గుంతల్లో ఆటో వేగం అందుకోలేదు. మడికి అడ్డంగా పడి పోతే మలుపు దగ్గర అందుతుంది. మామ పక్కన దోటి పడి ఉంది. కొమ్మలు లాగి కోయడానికి పొడుగాటి గడ చివర కొడవలి కట్టినది. దాన్ని పట్టుకుని కోసిన వరి మోళ్ళ మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. మోళ్ళు పాదాల్లో దిగుతున్నా ఆమెకు తెలియలేదు.

మలుపులో ఆటో నెమ్మదించింది. ఆమె ఎదురుగా నిలబడలేదు. నిలబడితే తొక్కించుకుని పోతారని తెలుసు. పక్క నుంచి దోటి చాచి, కొమ్మకు తగిలించినట్టే డ్రైవరు భుజానికి తగిలించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది.

డ్రైవరు కేక పొలమంతా వినిపించింది. గడ ఆమె చేతుల్లోంచి జారి అరచేతుల తోలు లేపుకుపోయింది. ఆటో గట్టు దిగి, వంగి, పిల్లకాలువలోకి పక్కకు పడింది. వెనక ఉన్నవాళ్ళలో ఒకడు ముందే దూకి కాలువ దాటి పారిపోయాడు. రాడ్డు పట్టుకున్నవాడి కాలు ఆటో కింద ఇరుక్కుంది.

గంపలు మూడు దిక్కులకు పడ్డాయి. చేతికి అందినదాని వల చించింది. అందులో గొర్రెపిల్లలు. ఇంకోదాంట్లో మెడ విరిగి వేలాడుతున్న గొర్రెపిల్ల, దాని కింద ఊపిరున్న ఇంకో గొర్రెపిల్ల. మూడోది ఆటో అంచు కింద సగం నలిగి ఉంది. అందులోంచి చప్పుడు లేదు.

ఉరుకుందమ్మ వెదురు బద్దలను చేతులతోనే విరిచింది. కంబళి ఎర్రగా తడిసింది. బిడ్డను బయటికి లాగితే తనూజ కళ్ళు తెరిచి చూసి, ఊపిరి బిగబట్టి, అప్పుడు గుక్కపట్టి ఏడ్చింది. ఆ నెత్తురు బిడ్డది కాదు, తన అరచేతులది. అయితే తనూజ కుడిచెయ్యి కదపడం లేదు. ముట్టుకుంటే ఒళ్ళంతా విరుచుకుని అరుస్తోంది.

"అక్కా," అన్నాడు ఆటో కింద ఉన్నవాడు. "పిల్ల ఉండాదని తెలీదక్కా. దేవుని తోడు, తెలీదు."

వాడి మొహంలోకి చూసింది. చిన్నవాడే. ఇంకా మీసం దట్టంగా రాలేదు. వాడు నిజమే చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది. బిడ్డను ఎడమ చంకలోకి మార్చుకుని, వాడి పక్కన పడి ఉన్న రాడ్డు తీసుకుంది.

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద. మూడోది నోటి మీద పడితే పళ్ళు రాలి నీళ్ళలో పడ్డాయి. వాడు అక్కా అక్కా అంటూనే ఉన్నాడు. అన్నకొద్దీ ఆమె కొట్టింది. చంకలో బిడ్డ ఏడుపు, వాడి ఏడుపు ఒకటైపోయాయి. పక్క చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు, ఊళ్ళో మగవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో "ఎయ్యమ్మా, ఇంకొకటెయ్యి" అన్నారు.

వెనక నుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. తిరిగి ఆ మనిషినీ కొట్టింది. మోచేతి మీద తగిలింది.

"నేనే. ఉరుకుందా, నేను," అన్నాడు కేకలు విని కాలువ దాటి వచ్చిన బొజ్జన్న. పాప కిందికి జారిపోతోందని చూపించాడు. అప్పుడు ఆమె రాడ్డు వదిలింది.

ఆమె వదిలిందాన్ని ఇంకొకరు అందుకున్నారు. కొందరు గట్టు మీద పడి ఉన్న డ్రైవరు వైపు పోయారు. వాళ్ళ కోపం వాళ్ళకుంది, ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో మేకలు, గొర్రెలు పోయాయో. అందరినీ తోసుకుంటూ పెద్ద ఈరన్న వచ్చాడు. నెత్తురు కారి ఒక కన్ను మూసుకుపోయింది. వచ్చి కాలువలోకి దిగి, తనను కొట్టినవాడికి అడ్డంగా నిలబడ్డాడు.

"సాలు. సస్తాడప్పా. సస్తే మేం జైల్లో ఉంటాం, నా మందను మీరు మేపుతారా?"

కొట్టినవాళ్ళే ఆటో పైకెత్తి వాడి కాలు తీశారు.

కడప ఆసుపత్రిలో తనూజకు మెడ కింద ఎముక విరిగిందని చెప్పి, చెయ్యి ఛాతీకి కట్టేశారు. పసిపిల్ల కాబట్టి తొందరగా అతుక్కుంటుందన్నారు. పెద్ద ఈరన్నకు తల కుట్టారు. ఎడమ చెవి వినబడడం మాత్రం పోయింది. సాయంత్రం పోలీసాయన వచ్చి, ఆ పిల్లవాణ్ణి అంతగా కొట్టిందెవరని అడిగాడు.

"ఊరోళ్ళందరం సార్," అన్నాడు తోడొచ్చిన రైతు.

"నేను సార్," అన్నాడు బొజ్జన్న.

"వాళ్ళు గాదు. నేను కొట్టినాను," అంది ఉరుకుందమ్మ. "బిడ్డ సంగతి తెలీదన్న్యాడు. అది ఇన్నంక గూడా కొట్టినాను. అట్లే రాసుకో సార్."

ఆయన ఆమె చేతుల కట్లు చూసి, రాసుకున్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా మంద బొజ్జన్నకు వదిలి మామా కోడలూ పోయి కోర్టు మెట్ల మీద కూర్చుంటారు.

ఒక వాయిదా నాడు ముసలాయన ఉన్నట్టుండి అన్నాడు: "నేను గంపలో పెట్టకపోయింటే వాళ్ళు ఎత్తుకపోయేటోళ్ళు గాదు మ్మే."

ఆమె వినబడే చెవి వైపుకు జరిగింది. "ఆటో మీద పడినప్పుడు ఆ గంప లేకపోయింటే?"

"అది గూడా నిజమే," అన్నాడు ఆయన. ఆ మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

ఈ ఏడు మంద వేరే ఊరి మళ్ళలో ఉంది. తనూజకు నడక వచ్చింది, ఏ గంపలోనూ ఆగదు. మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఉరుకుందమ్మ తన కొంగును పిల్ల నడుముకు ముడి వేసుకుంటుంది. పిల్ల నిద్రపోతుంది, ఆమె పోదు.

మొన్న ఎండవేళ ఒక మోటారు సైకిలు బాట పక్కన ఆగింది. నడివయసు మనిషి దిగి రెండడుగులు వేసి, "అమ్మా, రోన్ని నీళ్ళుంటే..." అని ఆగిపోయాడు. కొంగు ముడి ఎప్పుడు విప్పిందో, రాయి ఎప్పుడు తీసుకుందో ఉరుకుందమ్మకే తెలియదు. ఆయన చేతులు రెండూ పైకెత్తి, వెనక్కి నడిచి, బండెక్కాడు.

"నీళ్ళడిగినాడు గదే," అన్నాడు బొజ్జన్న పక్కగా పరిచిన కంబళి మీద లేచి కూర్చుని.

ఆమె రాయి పడేసి, సీసా తీసుకుని బాట మీదికి పరిగెత్తింది. "అన్నా! నీళ్ళు! రా అన్నా!" అని గట్టిగా కేక వేసింది. ఆ కేక విని ఆయన బండి ఇంకా వేగంగా పోనిచ్చాడు.