దొరసాని పలక

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, నాకు భయమంటే ఏమిటో తెలియదని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని. తగరపువలస దాటాక సముద్రం పక్కనున్న ఒక పల్లెలో, మిషన్ బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఊరి చర్చి ఊడ్చి కొవ్వొత్తులు వెలిగించేది ఆవిడే. పండుగనాడు చదవడానికి చర్చి చరిత్ర రాయమని ఫాదర్ గారు నన్ను అడిగారు. (కాలేజీలో చదివినవాళ్లకు ఏదైనా వచ్చేస్తుందని ఆయన నమ్మకం.)

"దొరసాని పలక మీద మాత్రం కాలెట్టకే. ఆవిడింకా హార్మోనీ వాయిత్తాది" అంది పెద్దమ్మ. ఆ దొరసాని ఓడ కెప్టెను భార్యట. పూజలో పాటలకు, కాలితో తొక్కే పెద్ద హార్మోనియం వాయించేదట. మొగుడి ఓడ కోసం ఎదురుచూస్తూనే చనిపోతే చర్చిలో బలిపీఠం ముందే పాతిపెట్టి, పైన రాతిపలక పరిచారట. నేను నవ్వాను.

మధ్యాహ్నం ఒక్కదాన్నే చర్చికి వెళ్లాను. ఆల్చిప్పల సున్నంతో కట్టిన మందపాటి గోడలేమో, ఎండా సముద్రపు హోరూ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. తుఫానుకు కిటికీల రంగుటద్దాల్లో నీలివి మాత్రమే మిగిలాయి. ఆ వెలుగులో నా చేతులు నీళ్లలో తేలిన శవం చేతుల్లా కనిపించాయి. మోకాళ్ల మీద కూర్చుని పలక మీది అక్షరాలు తుడుస్తున్నాను. పైన, పాటగాళ్లు కూర్చునే చెక్క అటక మీద, హార్మోనియం ఒక్క స్వరం పలికింది. ఎవరో చాలాకాలానికి ఊపిరి తీసుకున్నట్టు, సన్నగా సాగి సాగి ఆగింది.

మోకాళ్ల మీదే అటక వైపు తిరిగాను. "గుడ్ ఆఫ్టర్‌నూన్, మేడమ్" అన్నాను. (దొరసానికి తెలుగు రాదేమోనని.) అటక చెక్కలు కిర్రుమన్నాయి. కమ్మీల మధ్య నుంచి ఒక నల్లమేక తల బయటపెట్టి నన్ను చూసింది.

నవ్వుకుంటూ వెళ్లి, హార్మోనియం వాయించింది మేకేనని చెప్పి పెద్దమ్మను తీసుకొచ్చాను. ఇద్దరం అటక ఎక్కాక ఆవిడ మేకను కిందికి తోలి, హార్మోనియం వైపు తిరిగింది. "మేక సరే. దీని గాలితిత్తులు ఎలకలు కొట్టేసి ఏళ్లయిపోనాది. ఎవలు తొక్కినా పలకదే."

తొక్కి చూశాను. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

మెట్లు దిగాం. గుమ్మం దాటాక పెద్దమ్మ అడిగింది, "అది పలికినప్పుడు దొరసానితో నువ్వేటన్నావు?" చెప్పాను. "మంచిపని సేసినావు. మర్యాదగా ఉంటే ఏటీ సెయ్యదు" అంది.

చరిత్రలో గోడలు, గంట, అద్దాలు అన్నీ రాశాను. ఆ స్వరం సంగతి రాయలేదు. చచ్చిపోయినావిడను ఇంగ్లీషులో పలకరించిన ఆ సైన్సు టీచరమ్మను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మొన్నామధ్య వెళ్తే చర్చి అంతా కొత్త టైల్స్ పరిచి ఉన్నాయి. పలక ఎక్కడుండేదో ఆనవాలు కూడా లేదు. ఎక్కడ అడుగు వేయాలో తెలియక, ఇంత వయసొచ్చీ, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాను.