రాగి తీగకు గంజి

మొన్న మా కాలేజీ వార్షికోత్సవంలో ప్రార్థన మొదలుకాకముందే మైకు మొరాయిస్తే, మైకుసెట్టు ఆయన వేదిక వెనక చతికిలబడి యాంప్లిఫయరు మూత విప్పి టంకం పెట్టడం మొదలుపెట్టాడు. కరిగిన సీసం, కాలిన గుగ్గిలం, వేడెక్కిన దుమ్ము కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా పక్కన కూర్చున్న ఫిజిక్సు లెక్చరరు కళ్ళు అరమోడ్చి, "పాత వాల్వుల రోజులే వేరండీ, ఆ నాదంలో ఒక ఆత్మ ఉండేది" అన్నాడు. ఆయన పుట్టేనాటికి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. ఆత్మ సంగతి నాకు తెలియదు గానీ ఆ నాదంలో ఏముండేదో నాకు బాగా తెలుసు. గంజి ఉండేది. మా ఇంటి జొన్న గంజి.

మాది నల్లగొండ జిల్లాలో, నార్కట్‌పల్లి సడకు మీద బస్సు దిగి రెండు కోసులు నడిస్తే వచ్చే ఊరు, అందులో సాలెల వాడ. నిజాం పాలన చివరి ఏళ్ళు, పెద్ద యుద్ధం అప్పుడే ముగిసింది. తెల్లవారేసరికి వీధి పొడవునా పడుగులు సాగదీసి ఉండేవి, ఆడవాళ్ళు వాటికి గంజి పట్టించి కుంచెలతో దువ్వుతుంటే ఆ కాస్త పులిసిన వాసన ఇళ్ళల్లోకి, బట్టల్లోకి, మేము తినే పేలపిండిలోకి కూడా దూరేది, మేమేమో ఆ పోగుల కిందనుంచి వంగి పరుగెత్తి తిట్లు తినేవాళ్ళం, ఎండ ఎక్కేసరికి ప్రతి ఇంట్లోంచీ మగ్గాల టకటక మొదలై మాట్లాడుకోవాలంటే అరవాల్సి వచ్చేది. ఇదంతా చెబితే మీరు 'ఆహా' అంటారు. అనకండి. ఆ గంజి కాచింది, కుండలు మోసింది, పోగులు దువ్వింది, పుల్లల మీద నూలు కండెలు చుట్టింది ఆడవాళ్ళు. మగ్గం మీద కూర్చుని "నేసినోళ్ళు" అనిపించుకున్నది మగవాళ్ళు. మా వాడలో ఆడది మగ్గమెక్కకూడదు.

ఎక్కిన మనిషి ఒక్కతే, మా చిన్నమ్మ నర్సమ్మ. మా చిన్నాయన సత్తయ్య, అంటే మా బాపు తమ్ముడు, పెళ్ళయిన ఏడాదికే బొంబాయి మిల్లులకు పోయి నాలుగేళ్ళు జాడ లేకపోతే, ఇంట్లో ఖాళీగా పడున్న ఆయన మగ్గం మీద ఆమె ఒకనాడు తలుపు వేసుకుని కూర్చుంది. మొదట మా అవ్వ, అంటే బాపు తల్లి, శాపనార్థాలు పెట్టింది, తర్వాత ఆమె నేసిన చీర అంచు చూసి నోరు మూసుకుంది. నాలుగేళ్ళు నేసింది చిన్నమ్మ. పోగును అటూ ఇటూ మోసే నాడె ఆమె చేతిలో చేపపిల్లలా ఆడేది. మనిషి మాట్లాడదు, నవ్వదు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నప్పుడు మాత్రం ఆమె ముఖం మారిపోయేది. ఏ దేవుడి ముందూ ఆమె ముఖం అలా ఉండగా నేను చూడలేదు.

నాలుగేళ్ళ తర్వాత చిన్నాయన వచ్చాడు. చేతిలో ట్రంకు పెట్టె, చంకలో గిటారు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఇనుప కడ్డీతో తీగల మీద జార్చి వాయించే రకం. బొంబాయిలో ఏదో హోటల్లో అది పెట్టెలోంచి ఇంత గొంతుతో పలకగా విన్నాడట. గిటారులో నాదాన్ని తీగ వెంట పంపే అమరిక ఉంది, దాన్ని పెద్దది చేసి పలికించే పెట్టె మాత్రం లేదు. "పెట్టె నేనే జేస్త. గిండ్ల ఏమున్నది?" అన్నాడు. ఏమున్నదో ఆయనకు తెలియదు, అందుకే అంత ధైర్యం.

వచ్చిన మూడోనాడే మగ్గానికి దుర్గతి పట్టింది. "నేనుండంగ ఆడది మగ్గమెక్కుడేంది, నల్గురు నవ్వరా?" అని చిన్నమ్మను దింపాడు. పోనీ తాను నేశాడా? గుంత మీద పలకలు పరిచి, పడుగు చుట్టి మూల పడేసి, ఆ పలకలనే తన పెట్టెకు బల్ల చేసుకున్నాడు. సగం నేసిన చీర సగంలోనే కోసేశారు. చిన్నమ్మ ఆ కోసిన ముక్కను మడిచి దండెం మీద వేసి, కండెలు చుట్టుకోవడానికి రాట్నం ముందు కూర్చుంది. ఆ మగ్గం మళ్ళీ ఆమెకు దక్కుతుందా లేదా అన్నదే ఆ ఏడాది మా ఇంట్లో అసలు సంగతి. అది అసలు సంగతని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

చిన్నాయన హైదరాబాదు పోయి పాత రేడియో ఒకటి, అందులోని నాలుగు వాల్వులు, గరగరలాడే లౌడ్ స్పీకరు తెచ్చాడు. వాల్వులను మా అవ్వ బుడ్లు అనేది, ఇల్లంతా అదే అలవాటైంది. ఊళ్ళో కరెంటు లేదు గనుక ఒక బస్సు బ్యాటరీ, ఇటుకల్లాంటి పొడి బ్యాటరీలు వరుసగా పేర్చాడు. అన్నీ ఉన్నాయి గానీ, బుడ్లకూ స్పీకరుకూ మధ్య ఉండాల్సిన తీగచుట్ట కాలిపోయి ఉంది. వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను ఇనుప రేకుల చుట్టూ వేల చుట్లు చుట్టాలట. చిన్నాయన చుట్టబోతే పది చుట్లకోసారి తెగింది. చివరికి బొంబాయి మేధావి పెళ్ళాం రాట్నం దగ్గరికి వచ్చాడు.

మూడు రోజులు చుట్టింది చిన్నమ్మ. వంద చుట్లకొక చింతగింజ నా వంతు, అచ్చనగండ్లు మానేసి గింజలు పేరుస్తూ కూర్చున్నాను. వరుస మీద వరుస జారకుండా నూలుకు పెట్టినట్టే పలచటి గంజి కుంచెతో పెట్టింది. రాగి కండె తయారైంది, తాటిముంజెలా నున్నగా. చిన్నాయన వేలితో తట్టి, "శబాష్, గంజి వెట్టినవ్ గద, ఇగ ఊడదు" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత ఆయన మరిచిపోయాడు.

ఎండాకాలంలో పెట్టె పలికింది. వాడంతా వచ్చి విన్నారు. ఆయన వాయించేది పాటో కాదో నాకు ఇప్పటికీ సందేహమే, దూడను కోల్పోయిన ఆవు అరిచినట్టు సాగదీసి వదిలేవాడు. మా అవ్వ మాత్రం చెంపలు వేసుకుని, "మా సత్తిగాడు బుడ్లల్ల బూతాన్ని వట్టిండు" అని ఊరంతా చెప్పుకుంది. హైదరాబాదులో నాటకాలాడించే సేటు ఒకాయనకు కబురు పోయింది. నూలు పున్నమ నాడు వచ్చి వింటాను, బాగుంటే ఏడాది పొడుగునా నాటకాల్లో వాయించడానికి తీసుకుపోతాను అన్నాడు. నూలు పున్నమంటే శ్రావణ పున్నమి, సాలెవాళ్ళు కొత్త జంద్యాలు మార్చుకునే పండుగ.

శ్రావణం రాకముందే వాన వచ్చింది. పెట్టె మూగబోయింది.

ఇక ఆయన మరమ్మతు చూడాలి. బుడ్లు తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. వాటి చోట్లు మార్చాడు. బ్యాటరీని నాకాడు. పెట్టెను అరచేత్తో చరిచాడు, ఆ దెబ్బకు అది ఒకసారి గుర్రుమని మళ్ళీ చచ్చింది. హైదరాబాదు దుకాణదారు మోసం చేశాడన్నాడు, దిష్టి తగిలిందన్నాడు, చివరికి ముట్టుగుడ్డల నీడ పడిందని ఆడవాళ్ళెవరూ ఆ గది గడప తొక్కకూడదన్నాడు. మా బాపు కూడా తల ఊపాడు. ఇద్దరు మగవాళ్ళు ఇంతకన్నా తెలివితక్కువ కారణం కనిపెట్టగలరేమో ప్రయత్నిస్తే.

చిన్నమ్మ గడప ఇవతల నిలబడి ఒకసారే చెప్పింది. "ఇగో, జర వింటవా. వానకు గంజి మెత్తవడ్డది. పడుగుకైతలేదా, గట్లనే. కండె ఆరవెడితే పల్కుతది."

చిన్నాయన పగలబడి నవ్వాడు. "ఓ యమ్మా, ఇది రేడియో శాస్త్రం! నీ పంచె పడుగనుకున్నవా? పోయి కండెలు సుట్టుకో పో."

వానకు గంజి తడిస్తే పోగు పోగు అంటుకుని పడుగు పాడవుతుందని మా వాడలో ఆరేళ్ళ పిల్లకు తెలుసు. సాలె కడుపున పుట్టిన ఆయనకూ తెలుసు. చెప్పింది పెళ్ళాం గనుక తెలియకుండా పోయింది.

చిన్నమ్మ ఆ గంజి మాట మళ్ళీ ఎత్తలేదు. పండుగ ముందురోజు అన్నం వడ్డిస్తూ మాత్రం, "సేటు తోల్కపోతే ఎన్ని దినాలుంటరు?" అని అడిగింది.

"ఏడాది. బాగుంటే ఇంకా ఎక్కువనే."

ఆమె ఇంకో గరిటె చారు పోసింది. అడగకుండా ఆమె ఆయనకు మారు వడ్డించగా చూడటం నాకదే మొదలు.

నూలు పున్నమ పొద్దున మగవాళ్ళంతా జంద్యాలకని గుడికి పోయారు. అవ్వ వెంట పోయింది. చిన్నమ్మ గారెల పిండి పక్కకు జరిపి, నన్ను పిలిచి, తొక్కకూడదన్న గడప దాటి లోపలికి పోయి పెట్టె వెనక చెక్క ఊడదీసింది. రాగి కండె అడుగున మెత్తగా, చల్లగా ఉంది. కుంపటిలో నిప్పులు నింపి, తడి కండెలు ఆరబెట్టినట్టే దానికి జానెడు దూరంలో పెట్టి, నా చేతికి విసనకర్ర ఇచ్చింది. "మెల్లగ ఇసురు. రాగి కాలొద్దు, గంజి మాత్రం ఎండాలె" అంది. బయట తుంపర. లోపల ఉడుకు గంజి వాసన, కాలిన దుమ్ము వాసన. మధ్యమధ్య వేలి కొసతో కండెను ముట్టుకుని చూసేది. గుడి దగ్గర డప్పులు ఆగేసరికి చెక్క బిగించి, కుంపటి తీసి, చేతులు కడుక్కుని గారెలకు కూర్చుంది.

"చిన్నమ్మా, చిన్నాయనకు చెప్తవా?" అన్నాను.

"చెప్తే పల్కదు" అంది.

మధ్యాహ్నం సేటు వచ్చాడు. పెట్టె పలికింది, ఎండాకాలం కన్నా గట్టిగా. సేటు తల ఊపుతూ విని, గారెలు తిని, సాయంత్రం బస్సుకే చిన్నాయనను, గిటారును, పెట్టెను తీసుకుపోయాడు. పొద్దున మూడో బుడ్డిని తిప్పి పెట్టినందుకే బాగైందని చిన్నాయన సడకు దాకా అందరికీ వివరిస్తూ పోయాడు. వాకిట్లో నిలబడి చూస్తున్న చిన్నమ్మను చూసి వాడకట్టు ఆడవాళ్ళు ముక్కులు చీదారు. "ఎంత గుండె రాయి చేస్కున్నదో పాపం" అన్నారు.

పండుగ నాడు మగ్గం ముట్టరు. కాబట్టి ఆ సాయంత్రం పలకలు మాత్రం తీసి గుంత ఊడ్చింది. పండుగ దాటిన రాత్రే మూలనున్న పడుగు ఎక్కించిందేమో, తెల్లారి మేమింకా పక్కల మీద ఉండగానే టకటక వినిపించింది. అవ్వ లేచి వచ్చింది.

"మొగడు ఊరు దాటలే, గప్పుడే మగ్గమెక్కినవానే?"

"గాయిన మగ్గం తీస్కపోలే గద అత్తా" అంది చిన్నమ్మ, నాడె ఆపకుండా.

కానీ గంజి గంజే. ఆ వానాకాలం గడవకముందే రాగికి పచ్చటి చిలుము పట్టి కండె తెగిపోయింది. పెట్టె పలకడం లేదు, తిరిగి వస్తున్నాను అని చిన్నాయన కార్డు రాశాడు. బడిలో రెండక్షరాలు నేర్చుకున్నదాన్ని నేనే చదివి వినిపించాను. చిన్నమ్మ మగ్గం దిగింది. రెండు రోజులు, రాత్రులు రాట్నం ముందు కూర్చుని, మిగిలి ఉన్న రాగి తీగతో కొత్త కండె చుట్టింది, నేను చింతగింజలు పేర్చాను. ఈసారి గంజి ముట్టలేదు, తేనెతుట్టె మైనం కరిగించి వరుస వరుసకూ పట్టించింది. గుడ్డలో చుట్టి హైదరాబాదు బస్సులో పంపింది. ఆ కండె మళ్ళీ చెడిపోలేదు. చిన్నాయనా మళ్ళీ రాలేదు, వచ్చినా పండుగలకు చుట్టపుచూపుగా వచ్చాడు. మరో పదిహేడేళ్ళు చిన్నమ్మ ఆ మగ్గం మీదే నేసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో మగ్గం లేదు. గుంత పూడ్చి సిమెంటు చేశారు. వీధిలో పడుగులు సాగవు, కుంచెలు పట్టే చేతులు లేవు. చిన్నమ్మ నేసిన బట్టల్లో ఒక్కటీ మిగల్లేదు. కట్టుకున్నారు, చింపుకున్నారు, పొత్తిళ్ళకు వాడుకున్నారు. పెట్టె మాత్రం అద్దాల బీరువాలో ఉంది, మా తమ్ముడు చిన్నాయన పేరు ఇత్తడి రేకు మీద చెక్కించి దాని ముందు పెట్టాడు. చూడవచ్చిన వాళ్ళు బుడ్లు లెక్కపెట్టి ఆశ్చర్యపోతారు. లోపలి కండె ఎవరు చుట్టారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే మొగుడి మీద ప్రేమతో చుట్టిందని దాని కింద ఇంకో రేకు చెక్కిస్తారు.