రెండో కుర్చీ దీవులు తిరిగిన రోజు

"ఆ కుర్చీ నీదెప్పుడైందిరా? కొన్నది నాన్న!"

"కొన్నది నాన్నే. ఇన్నేళ్లూ దాని వెనక నిలబడింది నేను."

"అయితే వీపున వేసుకొని పో! ఏ దీవిలో వేసుకుంటావో వేసుకో. చేపలకి గడ్డాలు గీస్తావా?"

"చేపలే నయం. నోరు మూసుకొని కూర్చుంటాయి."

సెలూన్ షట్టర్ సగమే ఎత్తి ఉంది. అన్నదమ్ముల కాళ్లు మోకాళ్ల దాకా మాత్రమే కనిపిస్తున్నాయి. పై గదిలో అద్దెకుండే నేను బూట్లు చేత్తో పట్టుకొని మెట్ల మీదే ఆగిపోయాను. వాళ్లిద్దరి మధ్యలో ఎవడైనా దూరితే ఇద్దరూ ఏకమై వాడి మీద పడతారు. ఇంతలో అన్న భార్య గొంతు వినిపించింది.

"ఇక ఆపండి. ఇదిగో, గుడ్లు ఉడకబెట్టాను. కోపంలో వదిలేసి పోకు. పైవాడికి కూడా వేశాను."

పైవాడంటే దేవుడు కాదు, నేను.

షట్టర్ కింద నుంచి వంగి బయటికొచ్చినవాడే రెండో కుర్చీ. అతనికి వేరే పేరుంది కానీ వీధిలో ఎవరూ వాడరు. ఆ సెలూన్‌లో కుర్చీలు రెండు. గుమ్మం పక్కన వెలుతురు పడే చోట మొదటిది, పెద్దవాడు కాబట్టి అన్నది. లోపల చేతులు కడుక్కునే తొట్టి పక్కన రెండోది, ఇతనిది. వచ్చినవాళ్లంతా "రెండో కుర్చీ ఖాళీయేనా?" అని అడిగి అడిగి మనిషికే ఆ పేరు పెట్టేశారు. పార్సిల్ తెచ్చేవాడు కూడా అలాగే పిలుస్తాడు.

గొడవంతా ఆ అడగడంలోనే ఉంది. తమ్ముడి చెయ్యి మంచిది. అతని కోసం బల్ల నిండా జనం కాచుకొని కూర్చుంటారు. మొదటి కుర్చీ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. అన్న అందులో తనే కూర్చొని పేపరు తిరగేస్తూ, "ఇటు రండి, ఇక్కడా కత్తెరే ఉంది, కొడవలి లేదు" అని నవ్వుతాడు. ఎవరూ లేవరు. ఆ నవ్వు చూడలేక తమ్ముడు విడిగా కుర్చీ వేసుకుందామనుకున్నాడు. ఊళ్లో కుదరదు. వాళ్ల నాన్న పెట్టిన కట్టడి ఒకటుంది. ఇంకొకరు కత్తెర పట్టిన చోట వాళ్లని అడక్కుండా కుర్చీ వేయకూడదు. మా ఊళ్లో కత్తెర లేని వీధి లేదు.

"దీవుల్లో చూడొచ్చుగా గురూ," అన్నది నేనే. కాలేజీ మానేసిన దగ్గర్నుంచి నాకు ఒక చోట కాలు నిలవదు. సెలూన్‌కి వారానికోరోజు సెలవు. లాంచీలకి రోజు టికెట్ ఉంటుంది. పొద్దున ఒకసారి కొంటే చివరి లాంచీ దాకా ఏ దీవిలోనైనా దిగొచ్చు, ఎక్కొచ్చు. మాలాంటి జేబులకి అంతకంటే చవకైన షికారు లేదు.

రేవుకి నడుస్తుంటే అడిగాను. "ఇంతకీ ఎంతదాకా అన్నావు మీ అన్నతో?"

"రేపటి నుంచి ఆ కుర్చీ వెనక కనిపించనన్నాను."

"చోటు దొరక్కముందే అన్నావా? బుద్ధుందా?"

"దొరుకుతుంది," అన్నాడు, లాంచీ తాడు విప్పుతున్నవాణ్ణి చూస్తూ. ఆ మాటలో బింకం లేదు. వర్షం వస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

మొదటి దీవిలో దిగగానే ఎదురుగా అద్దాల తలుపు సెలూన్, ఎర్ర సోఫాలు. ఇతను అద్దంలోంచే లోపలివాడికి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. వాడు తెల్లబోయి, చేతిలో దువ్వెన ఉండగానే తిరిగి పెట్టాడు. రేవు బల్ల మీద గుడ్లూ రొట్టే తిని, వచ్చిన లాంచీయే ఎక్కేశాం.

రెండోది పడవలు కట్టే దీవి. చెక్కపొట్టు వాసన, సుత్తుల చప్పుడు. మనవాడు పనివాళ్ల వెనకాల చేతులు కట్టుకొని తిరగడం మొదలుపెట్టాడు.

"ఇలా వెనకాల తిరిగితే దొంగలనుకొని తంతారు గురూ."

"నాకు ముఖాలతో పనిలేదు. మెడ వెనక చూస్తే ఎక్కడ చేయించుకున్నాడో చెప్తాను." ఒక వెల్డర్ వెనక టక్కున ఆగిపోయాడు. "ఇది మా అన్న."

"ఏది?"

"ఈ తల. కుడి చెవి దగ్గర పొట్టి, ఎడమ చెవి దగ్గర పొడుగు. లోకంలో ఇంకెవరూ ఇలా చేయరు."

నేను ఊరుకోలేక వెల్డర్‌నే అడిగాను. "ఊళ్లో, రేవు వెనక వీధి. గుమ్మం పక్క కుర్చీ," అన్నాడు అతను. "కబుర్లు బాగా చెప్తాడు. అందుకే పోతాను. వీళ్లలో చాలామంది అక్కడికే."

మనవాడు నా చొక్కా పట్టి లాగాడు. "పద."

"ఇంతమంది ఉన్నారు, ఇక్కడే పెట్టు!"

"మా అన్న దగ్గర కూర్చునేదే వీళ్లు. వీళ్లని కూడా దారిలోనే ఆపేయమంటావా?"

నాకు ఒళ్లు మండింది. ఇల్లు వదిలి పోతానన్నవాడికి ఇంటి మీద అంత ప్రేమెందుకని మొహం మీదే అడిగాను. అతను అరటిపండు ఒలిచి నా నోట్లో పెట్టాడు. ఇక మిగిలింది చివరి దీవి ఒక్కటే.

అక్కడ దిగేసరికి మధ్యాహ్నం ఎండ కాస్త వాలింది. రాళ్లు పరిచిన సన్నటి వీధి, తెల్లసున్నం గోడలు, గుమ్మాల్లో వలలు బాగుచేసుకునే మగవాళ్లు. సెలూన్ బోర్డు ఎక్కడా లేదు. నేను ఈల వేశాను. మనవాడు మాత్రం నాలుగు మెడలు చూసి నీరుగారిపోయాడు.

"ఉన్నాడ్రా. ఇక్కడ ఒకడున్నాడు."

"ఎవడు?"

"అందరివీ ఒక్క చేతి తలలే. వెనక గీత చూడు, స్కేలు పెట్టినట్టుంది. పైగా పౌడరు కూడా అద్దుతున్నాడు, ఆయన మెడ మీద తెల్లగా కనబడట్లా? పద్ధతిగల మనిషి. వెళ్లి పలకరించి రావాలి."

"తిరిగి మీ అన్న దగ్గరికేనా?"

"అది తర్వాత. ముందు పలకరింపు." ఇంకో కత్తెరవాడి చోటుకి వస్తే ఆయన దగ్గర గడ్డం గీయించుకొని గానీ పోకూడదట. అదీ నాన్న కట్టడే.

సెలూన్ ఎక్కడని ఒకాయన్ని అడిగాం. "సెలూనా? ఇక్కడ లేదే," అన్నాడు. ఇంకొకాయనా అదే మాట. మనవాడికి కోపమొచ్చింది. "దాస్తున్నారు. నేను పోటీకొచ్చాననుకుంటున్నారు."

నేను పౌడరు మెడాయన ముందుకెళ్లి నిలబడ్డాను. "అయితే ఈ జుట్టు దానంతటదే ఇలా పెరిగిందా?"

"ఓ, ఇదా!" ఆయన పకపకా నవ్వాడు. "తెరచాపలు కుట్టే అక్క చేస్తుంది. అదిగో, ఆ నీలం తలుపు."

నీలం తలుపు వెనక గదినిండా మందపాటి గుడ్డ పరిచి ఉంది. దాని మధ్యలో బాసింపట్టు వేసుకొని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకొని, అమ్మ వయసు మనిషి ఒకావిడ తెరచాప అంచు కత్తిరిస్తోంది. చేతిలో దర్జీ కత్తెర. పక్కనే గీతలు గీసుకునే సుద్దముక్క.

రెండో కుర్చీ ఆ సుద్దముక్క వైపే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"పౌడరు కాదురా."

నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. మెడ మీద సుద్దతో గీత గీసి, తెరచాప కత్తిరించినట్టు తలలు కత్తిరించేస్తోంది ఆవిడ!

"ఏంటయ్యా నవ్వు? చేయించుకోడానికైతే ఇవాళ కుదరదు," అందావిడ. మనవాడు సంగతి చెప్పాడు. తనెవరో, ఎందుకొచ్చాడో ఏమీ దాచలేదు. ఆవిడ కత్తెర కింద పెట్టేసింది.

"నాకేమన్నా సరదానా? ఒకసారి మా ఆయనకి కత్తిరించాను. అది చూసి పక్కింటాయన, ఆయన్ని చూసి ఎదురింటాయన. సెలవొస్తే చాలు నా గుమ్మంలో తలలే తలలు. ఎవరి దగ్గరా పైసా తీసుకోను, తీసుకుంటే అదే నా పనైపోతుందని భయం. చాపలేమో ఇలా మిగిలిపోతున్నాయి."

"అయితే మీరు ఒప్పుకుంటే..." అన్నాడు ఇతను.

"నన్నడుగుతావేంటి?"

"ఇక్కడి కత్తెర మీదే కదమ్మా. మిమ్మల్ని కాదని ఎలా వేస్తాను?"

ఆవిడ కళ్లజోడు పైకి తోసి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "మాటలు బాగానే ఉన్నాయి. చెయ్యి చూపించు. ఇదిగో, వీడి తల దేనికీ పనికొచ్చేలా లేదు. దీని మీద కానియ్."

వీడంటే నేనే. చాపల మూట మీద కూర్చోబెట్టారు. అద్దం లేదు. మనవాడు సంచిలోంచి గుడ్డ దులిపి నా మెడకి చుట్టాడు. ఊళ్లో ఆ తొట్టి పక్కన పనిచేసేటప్పుడు మోచెయ్యి గోడకి తగులుతుందని ఒంటికి అదుముకొని కత్తిరించేవాడు. ఇక్కడ రెండు చేతులూ బార్లా చాచి, నా చుట్టూ ఒక గుండ్రం తిరిగి, అప్పుడు మొదలుపెట్టాడు. కత్తెర చప్పుడు కూడా వేరుగా వినిపించింది. గుమ్మంలో జనం చేరారు.

అయ్యాక ఆవిడ నా చెవులు రెండూ వంచి వంచి చూసింది, సంతలో సొరకాయ చూసినట్టు.

"చెవుల చుట్టూ ఇలా తిప్పడం నాకు ఎప్పటికీ రాలేదు," అని గుమ్మంలోకి కేకేసింది. "ఏమయ్యా, ఇకమీదట ఈయన దగ్గర కూర్చోండి. ఊరికే కాదు, డబ్బులిచ్చి!" తర్వాత మనవాడితో, "వరండాలో కుర్చీ వేసుకో. అద్దె వద్దు. నా గది నాకు మిగిలితే అదే పదివేలు."

ఒకరి తర్వాత ఒకరు చాపల మూట మీద కూర్చున్నారు. చివరి లాంచీ సైరన్ వేసినప్పుడు, సగమైన తలని ఆపకుండా పూర్తిచేసి మరీ పరిగెత్తాడు రెండో కుర్చీ. నేను సంచి పట్టుకొని ముందే వెళ్లి, తాడు విప్పేవాడితో పోట్లాడుతూ లాంచీని ఆపాను.

లాంచీ వెనక భాగంలో చెక్క మీద కూర్చున్నాం. అతని చొక్కా నిండా ఎవరెవరివో వెంట్రుకలు. నేను మంచి హుషారులో ఉన్నాను.

"ఇక చూడు గురూ, నెలకోసారి టికెట్ కొనుక్కొని వచ్చి నీ దగ్గరే చేయించుకుంటా."

"వద్దు."

"ఏం, ఊరివాళ్లు పనికిరారా?"

"అది కాదు. నేను పోయాక కూడా జనం వస్తారు. తమ్ముడేడీ అని అడుగుతారు, లేడంటే తిరిగి పోతారు. మా అన్న పేపరు పట్టుకొని చూస్తూ ఉంటాడు. మన వీధివాళ్లలో ఒక్కడైనా ఏమీ అడక్కుండా వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చోవాలి. నువ్వు కూర్చో. ఈ నెలే కాదు, ప్రతి నెలా."

నేను చెవులు తడుముకున్నాను. "మీ అన్న చేతికా! అయ్యాక ఎలా ఉందని అడుగుతాడు. ఉన్నదున్నట్టు అనేసే నా నోటి సంగతి నీకు తెలుసు."

"తెలుసు. నేను చెబితే నమ్మడు, నువ్వు చెబితే నమ్ముతాడు. అద్దంలో చూసుకొని, బాగుందని చెప్పరా."