ఏడ బాయి?

ఈ కొత్త సంవత్సరం పొద్దున, వనపర్తిలో మా ఇంటి ముందుగదిలో కూర్చొని, మా మనుమరాలు మా క్రైస్తవుల గుడి నుంచి తీసుకొచ్చిన బైబిలు వాగ్దానపు కార్డును మా అమ్మకు చదివి వినిపిస్తుంటే నాకు ఉన్నట్టుండి కోపం వచ్చింది. కోపం పిల్ల మీద కాదు, కార్డు మీద. నిగనిగలాడే అట్టముక్క, దాని మీద పూలు, కొండలు, ఎగిరే పావురం, ఇన్ని హంగుల మధ్య వాక్యం పాతదే గానీ చివరి మాట మాత్రం మార్చేశారు. ‘ఎడబాయను’ అని ఉండాల్సిన చోట ‘విడిచిపెట్టను’ అని వేశారు. అందరికీ సులువుగా అర్థం కావాలని అట్లా వేశారట. ఎనభై దాటిన మా అమ్మ చెవి ఒగ్గి విని, ఇదేదో కొత్త వాక్యం లాగుంది, మంచిగుందని తల ఊపింది. కొత్తది కాదమ్మా, నీదే అది అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఎందుకు కరుచుకున్నానో చెప్పాలంటే మిమ్మల్ని యాభై ఏళ్లు వెనక్కి, కోడేరు దగ్గరి మా ఊరికి తీసుకుపోవాలి. నా ఈడు వాళ్లకైతే ఆ దారి తెలిసే ఉంటుంది.

మా ఊరి గుడి పెద్దదేమీ కాదు. మట్టిగోడలు, పైన పెంకులు, వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క, దాన్ని రాయితో కొడితే అదే మా గంట. ఇప్పట్లాగా మైకులూ కేకులూ మాకు లేవు, కొత్త సంవత్సరం నాడు పొద్దున్నే తలలు రుద్దుకొని, ఉన్న బట్టల్లో ఉతికినవి కట్టుకొని పోయేవాళ్లం. మా పాస్టరు అయ్యగారు నెల ముందు నుంచే నోటుపుస్తకం కాయితాలు చింపి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క వాక్యం సిరాతో రాసి, బీడీలంత సన్నగా చుట్టి, అన్నం వార్చే వెదురు సిబ్బి ఒకటి కొత్తది కొని అందులో పోసి పెట్టేవారు. ఇంటికొక చీటీ, అది ఆ ఇంటి ఆడమనిషే తీయాలి. అందులో ఏముంటే అది ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట. పెద్దవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవారు కాబట్టి, తీసిన తల్లి దాన్ని బడికి పోయే పిల్ల చేతిలో పెట్టి చదవమనేది. ఆ తర్వాత సాక్ష్యాలు. గడిచిన ఏడాదికి కృతజ్ఞతగా ఒక్కొక్కరే లేచి, జ్వరం తగ్గిందని ఒకరు, బర్రె ఈనిందని ఒకరు, బొంబాయి పోయిన కొడుకు కాళ్లూ చేతులూ బాగుండి తిరిగొచ్చాడని ఒకరు చెప్పేవారు. ఆ చివరి సాక్ష్యమే ఎక్కువ ఇళ్లలో ఉండేది.

ఎందుకంటే మా పాలమూరు జిల్లా ఇళ్లలో మగవాళ్లంతా మట్టిపని మనుషులే. ఎక్కడ ఆనకట్ట కడుతున్నారంటే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వుతున్నారంటే అక్కడికి, మేస్త్రి లారీ తెచ్చి ఎక్కించుకొని పోయేవాడు. మా నాయిన పోయిన ఊళ్ల పేర్లు పలకడానికి మా అమ్మకు నోరు తిరిగేది కాదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు మూటతో దిగేవాడు, కొత్త సంవత్సరం ఆరాధన కాగానే మళ్లీ అదే మూటతో ఎక్కేవాడు. నాకు నాయిన అంటే పది రోజుల చుట్టం. చుట్టాల ముందు సిగ్గుపడ్డట్టే ఆయన ముందూ సిగ్గుపడి, ఆ సిగ్గు తీరి ఒళ్లో కూర్చునే వేళకు ఆయన పోయే రోజు వచ్చేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆ పది రోజులు కూడా నిమ్మళంగా గడవలేదు. ఈసారి పని పెద్దది, జోడీలైతేనే తీసుకుపోతాను అన్నాడు మేస్త్రి. జోడీ అంటే మొగుడూ పెళ్లామూ, ఆయన తవ్వితే ఈమె మోయాలి. అమ్మా పోతే ఇంట్లో నన్ను చూసేవాళ్లు లేరు, కనుక నేనూ లారీ ఎక్కాలి, నా బడి అంతటితో సరి. నేనెంత ఏడ్చానో నాకే తెలుసు. అమ్మ పైకి ఏడ్వలేదు గానీ, నా పలకా పుస్తకాలూ మూటలో పెట్టాలా వద్దా అని తీస్తూ పెడుతూ ఉండేది.

అట్లాంటి కొత్త సంవత్సరం నాడు మా అమ్మ సిబ్బిలో చెయ్యిపెట్టి తీసిన చీటీలో ఉన్నదే ఆ వాక్యం. అయ్యగారి రాత గొలుసుకట్టు, నాకేమో కూడబలుక్కుంటే గాని రాదు. చివరి మాట దగ్గర ఆగిపోయి, ‘ఎడ’ అని ఒకసారి, కాసేపు చూసి ‘బాయను’ అని ఒకసారి, మొత్తానికి ఎట్లాగో చదివేశాను. నాకూ ఆ మాట తెలియదు, ఎవరి నోటా వినలేదు. మా అమ్మకు మాత్రం తెలిసింది. అంటే తెలిసిందనుకుంది. మాకు బావి అంటే బాయి, ఎక్కడ అంటే ఏడ. నేను ముక్కలు చేసి చదివిన ఆ మాటలో మా అమ్మకు వినిపించింది, ఏడ బాయి?

ఇంటికొచ్చి, గడప దగ్గర చెప్పులు విడుస్తున్న నాయినను నిలబెట్టి మరీ అన్నది.

“లోకంల బాయిలన్నీ తవ్వొస్తివి గద. మరి నీ బాయి ఏడ అని అడుగుతుండు దేవుడు. ఏం జవాబు చెప్తవ్?”

నాయిన మొదట నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఊరి చివర మాకు రెండెకరాల చెల్క ఉండేది, మొరం నేల, వానొస్తే ఆముదాలో కందులో, రాకపోతే అదీ లేదు. అందులో ఒక బావి ఉంటే మనమెందుకు పోతాం, ఇన్నేళ్లకు దేవుడే నోరు తెరిచి అడిగితే లారీ ఎక్కుతానంటావా అని అమ్మ పట్టుబట్టింది. మా నాయిన కొండను పిండి చేసే మనిషే గానీ మా అమ్మ మాటకు ఎదురు నిలవడం ఆయనకు చేతకాదు, అందులోనూ ఆమె వెనక దేవుణ్ణి నిలబెట్టుకొని మాట్లాడుతుంటే ఏం చేస్తాడు? మేస్త్రిని బతిమాలితే, శివరాత్రి ముందర ఇంకో లారీ వస్తుంది, అందులోనన్నా రాకపోతే మళ్లీ నా గడప తొక్కకు అని చెప్పి పోయాడు. అంటే మాకు నెల పైచిలుకు గడువు. ఆలోగా నీళ్లు పడితే ఉంటాం, పడకపోతే ముగ్గురమూ లారీలో ఉంటాం.

ఆ తవ్వకం నాకింకా కళ్ల ముందున్నది. నాయిన గడ్డపార వేస్తుంటే అమ్మ తట్టలకెత్తి మోసేది, నేను బడి కాగానే పోయి నాకు తగిన చిన్న తట్టతో మోసేదాన్ని. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, పాలమూరు మనిషి పాలమూరులో తవ్వుతున్నాడు, వింతగుందని పరాచికాలాడేవారు. మా చిన్నాయిన అయితే, వదిన చెవులు దవాఖానలో చూపించరాదా అన్నాడు. ఆయన నోటి దురుసుకు అన్నాడు గానీ అన్నది నిజమేనని అప్పుడెవరికీ తెలియదు. మూడు గజాలు మొరం, ఆ కింద రాయి. రాయి తగిలాక రోజుకు జానెడు కూడా దిగడం లేదు, తడి అన్న జాడ లేదు.

సరిగ్గా అప్పుడే బడిలో మా సారు తెలుగు పాఠం చెబుతూ ‘ఎడబాటు’ అన్న మాట దగ్గర ఆగి, ఎడబాయడమంటే విడిచి దూరంగా పోవడం అని చెప్పారు. అంటే దేవుడు బావి ఊసే ఎత్తలేదు. నేను ముక్కలు చేసి చదివినందుకు మా అమ్మా నాయినా నెల రోజులుగా రాళ్లు కొట్టుకుంటున్నారు. లారీ రావడానికి ఇంకో వారం లేదు. ఆ మర్నాడు బడికి పోకుండా, నాయినకు సద్ది పట్టుకొని చెల్కకు పోయాను. అమ్మ కట్టెలకు పోయింది, ఆయనొక్కడే ఉన్నాడు. జొన్నరొట్టె ఆయన చేతిలో పెట్టి, వెక్కుతూ అంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపి, ఆ మాటకు అర్థమేమిటో మళ్లీ చెప్పమన్నాడు. ఇడ్సిపెట్టి పోను అని నాయినా, అన్నాను. ముందు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు, తర్వాత ఆ నవ్వు ఆపి గోతిలోకి చూశాడు.

“దేవుడు ఇడ్సిపెట్టి పోనంటుండు. ఏడాదికోపారి మూట గట్టుకొని ఇడ్సిపెట్టి పోతున్నది నేనే గద బిడ్డా.”

రొట్టె తిని, నీళ్లు తాగి, చేతులు తుడుచుకొని లేస్తూ, “మీ అమ్మకు చెప్పకు. బాయి కోసమే ఉన్ననుకోనీ,” అన్నాడు.

లారీ వచ్చింది. మా వాడకట్టు సగం ఎక్కింది. నాయిన గోతిలోంచి బయటకే రాలేదు. మేస్త్రి గట్టు మీద నిలబడి నానా మాటలూ అని, చివరికి విసిగి వెళ్లిపోయాడు. అప్పటికి నీళ్లు పడలేదన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలి. పడ్డాయనే మా అమ్మ చెబుతుంది, ఆమె లెక్కలో ఆ రెండూ ఒకే రోజు జరిగాయి. నిజానికి ఇంకో ఇరవై రోజులకు రాతి పగులులోంచి వేలంత ధార వచ్చింది. ఆ బావిని బావి అనడం కూడా పెద్ద మాటే. నాలుగు మడులు కూరగాయలకూ మా తాగుడుకూ సరిపోయేది, ఉగాది దాటితే అడుగున బురదే. దానితో ఇల్లు గడవలేదు. నాయిన చుట్టుపక్కల ఊళ్లలో వాళ్ల బావులూ గట్లూ తవ్వి గడిపాడు. ఎంత తక్కువ కూలైనా పొద్దుగూకేసరికి ఇంటికి చేరే పనే పట్టేవాడు. మళ్లీ ఎన్నడూ లారీ ఎక్కలేదు. నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, నాయినతో కొట్లాడాను, అలిగాను, పది రోజుల చుట్టంతో ఎవరైనా అలుగుతారా!

మా అమ్మ మాత్రం ఏటా కొత్త సంవత్సరం నాడు లేచి అదే సాక్ష్యం చెప్పేది. దేవుడు నన్ను బాయి ఏడ అని అడిగిండు, నేను తవ్విన్న, ఆయన నీళ్లిచ్చిండు అని. వాక్యాలన్నీ తన చేత్తో రాసిన అయ్యగారు బల్ల పక్కన నిలబడి, ఆ మాట వింటూ ‘ఆమెన్’ అనేవారే తప్ప ఒక్కనాడూ సరిదిద్దలేదు. నాయిన తల వంచుకొని గోరుతో చాప గీకుతూ కూర్చునేవాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు, చూసుకుంటే నవ్వు ఆగదు. ఆయన పోయి పదేళ్లు దాటింది. మా చెల్కకు ఇప్పుడు కాలువ నీళ్లొచ్చాయి, వరి పండుతున్నది, ఆ బావిలో తుమ్మలు మొలిచాయి.

ఇన్నేళ్లు దాచిన మాట ఆ కార్డు పుణ్యమా అని ఈ జనవరిలో బయటపడింది. ముందు నాలుక కరుచుకున్నాను గానీ, అమ్మ తన వాక్యాన్ని తానే మళ్లీ మళ్లీ కొత్తది అంటుంటే నేనుండబట్టలేక, చీటీ దగ్గర్నుంచి సారు పాఠం దాకా చెప్పేశాను. ఆమె నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె నొచ్చుకోలేదు, అయోమయంగా చూసింది.

“బాయి మాటే తప్పయితే, మీ నాయిన లారీ ఎందుకెక్కలే మరి?”

అప్పుడు చెప్పాను, గోతి గట్టు మీద రొట్టె తింటూ ఆయనన్నది, ఆయనన్నట్టే. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కొని గోడ వైపు తిరిగింది. కాసేపటికి, “గీ మాట నాతోని ఒక్కపారన్న అనకపాయె,” అన్నది. ఆ తరం మగవాళ్లు అంతేనమ్మా అని నేనేదో అనబోయాను గానీ, ఆమె నా మాట వినే స్థితిలో లేదు.

ఆ వచ్చిన ఆదివారం సాక్ష్యాల వేళకు మా మనుమరాలి భుజం పట్టుకొని లేచింది. బాయి సాక్ష్యమే వస్తుందని తెలిసినవాళ్లంతా అప్పుడే చిరునవ్వులు మొదలుపెట్టారు. ఆమె మైకు వద్దని చేత్తో తోసేసి, “దేవుడు నాకు బాయి ఇచ్చిండని ఇన్నేండ్లు చెప్తి. బాయి గాదు. ఇడ్సిపెట్టి పోని మనిషినిచ్చిండు,” అని కూర్చుంది.

ఇప్పుడు మా కార్డులు అందరికీ అర్థమవుతాయి, ఎవరూ తప్పు వినరు. నా కొడుకు పనిచేసే పట్నం ఇక్కడికి మూడు గంటల దారి, నెలకోసారి వస్తాడు, వచ్చినప్పుడూ ఫోను చూసుకుంటాడు, నేనూ చూసుకుంటాను. ఆ మాటకు అర్థం మా అమ్మకంటే యాభై ఏళ్లు ముందు తెలుసుకున్నదాన్ని నేను, దాన్ని బడిలో ఎందరో పిల్లలకు చెప్పినదాన్ని కూడా. కానీ దాని కోసం గడ్డపార పట్టింది మా నాయిన, మట్టి మోసింది మా అమ్మ. వాళ్లతో పాటు మోసిన ఆ చిన్న తట్ట తప్ప, ఆ తర్వాత నేను మోసిందేమీ లేదు.