గుట్ట కింద విన్న పిలుపు

కోకాపేటలో కొత్తగా లేస్తున్న టవర్ల పక్కనుంచి మందుల సంచితో నడుస్తుంటే, నీళ్లు పోస్తూ గ్రానైట్ కోసే చోట లేచే తడి రాతిపొడి వాసన తగులుతుంది. ఆ క్షణంలో నేను నడివయసు కన్యస్త్రీని కాను, గోపన్‌పల్లి గుట్ట కింద రేకుల ఇంట్లో పెరిగిన పిల్లను. మా నాయిన బండలు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలు కూడా తెల్లబడి ఉండేవి. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే ఈ వాసనే వాకిలంతా నిండేది.

అప్పుడు గోపన్‌పల్లి ఇంకా ఊరే. వానలు తగ్గుముఖం పట్టాక గుట్ట మీద సీతాఫలాలు కళ్లు విచ్చేవి. ముళ్లు గీరుకుంటూ కోసుకొచ్చి గడ్డిలో మాగేసేవాళ్లం. మట్టల ఆదివారానికి ఈతమట్టలు పట్టుకుని శేరిలింగంపల్లి చర్చి దాకా పూజకు నడిచేవాళ్లం. క్రిస్మస్‌కు వెదురుబద్దల మీద రంగుకాగితం అంటించి నక్షత్రం కట్టేవాళ్లం గాని, కరెంటు లేక దాని అందం పగటి వెలుతురులోనే చూసుకునేవాళ్లం. అమ్మ చేసిన సకినాలు, గరిజెలు చుట్టుపక్కల ఇళ్లకు మోసేది నేను. బతుకమ్మకు వాళ్ల సత్తుపిండి మా ఇంటికొచ్చేది. నాయనమ్మ జపమాల చెబుతూ మధ్యలో కునికి, లేచి, మళ్లీ మొదటి పూస పట్టుకునేది. అది ముగిసేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం లేదు.

బండపనివాళ్ల గాయాలకు కట్లు కట్టడానికి మఠం నుంచి సిస్టర్ ఆగ్నేసమ్మ వచ్చేది. గుంటూరు వైపు మనిషి, మితభాషి. ఆమె వెంట నీళ్ల గిన్నె మోయడం నాకు ఇష్టం. మా వరసలో చివరి గుడిసెలో పాలమూరు నుంచి పనికొచ్చిన బాలమణి ఉండేది. రొమ్ము మీద పుండు పగిలి వాసన మొదలయ్యాక ఆమె పెనిమిటి వెళ్లిపోయాడు. జనం అన్నం గడప దగ్గర పెట్టి, ముక్కు మూసుకుని తిరిగొచ్చేవాళ్లు. సిస్టర్ మాత్రం లోపలికి వెళ్లి, ఆ పుండు కడిగి, తల దువ్వి, కాసేపు ఊరికే కూర్చునేది.

ఒకసారి జ్వరంతో సిస్టర్ రాలేకపోయింది. నేనొక్కదాన్నే వెళ్లాను. కట్టు కట్టడం నాకు రాదు. ఆ మాటే చెప్పాను.

"కట్టెందుకు బిడ్డా. జర నా చెయ్యి పట్టుకో, సాలు," అంది బాలమణి.

పట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఊపిరి ఆగి ఆ చెయ్యి నా చేతిలో బరువెక్కింది. భయపడాల్సింది, భయం వేయలేదు. ఏ గొంతూ వినిపించలేదు, ఏ వెలుగూ కనిపించలేదు. నేను ఉండాల్సిన చోటు ఇలాంటిదేనని మాత్రం అనిపించింది.

నేనూ మఠంలో చేరతానని సిస్టర్‌తో చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం కాస్త ముడుచుకుంది.

"జాలేసి రాకు తల్లీ. జాలి తొందరగా అలిసిపోద్ది," అంది.

పదో తరగతి అయ్యేదాకా ఆగమంది. పెళ్లిళ్లలో, పండగల్లో, ఇంట్లో అలిగినప్పుడు కూడా ఆ కోరిక నిలుస్తుందేమో చూసుకోమంది. చూసుకున్నాను. కొత్త లంగావోణీ నాకు నచ్చింది. పాటల బృందంలో ఒకబ్బాయి నా వైపు చూస్తే అదీ నచ్చింది. అమ్మలాగా కంకర మోయాల్సి వస్తుందని పారిపోతున్నానా అని కూడా నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. కొంత ఉందేమో. అయినా ఆ గుడిసె గడప నన్ను వదలలేదు.

నాయినకు చెప్పిన పూట ఆయన కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం పూజ నుంచి వస్తూ దారిలో ఆగాడు.

"నాకు నువ్వొక్కదానివే గద బిడ్డా. రేపు నా పానం బాగలేకుంటె ఎవలు చూస్తరు?"

దేవుడు చూస్తాడని చెప్పబోయాను. ఆయన దగ్గుతుంటే ఆ మాట నోట్లోంచి రాలేదు. మఠానికి నా ట్రంకుపెట్టె ఆయనే భుజాన మోసుకొచ్చాడు. గేటు దగ్గర దించి, లోపలికి రమ్మంటే రాలేదు. "పైలం" అని వెనుదిరిగాడు.

ఆ దగ్గు బండపొడిదే. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయన మంచాన పడ్డప్పుడు నేను అడవి ప్రాంతంలో మా మఠం నడిపే ఆసుపత్రిలో ఉన్నాను. కబురు అందేసరికి వానలకు దారులు తెగిపోయాయి. ఇల్లు చేరేసరికి సమాధి మట్టి కూడా ఆరడం మొదలైంది. ఆయనకు చివరి స్నానం మా వరసలోని మగవాళ్లు చేయించారట. ఊరూ పేరూ తెలియని ఎంతోమందికి ఆ స్నానం నేను చేయించాను.

ఇప్పుడు ఆగ్నేసమ్మ లేదు. గుట్టను తొలిచి కార్లు నిలిపే సెల్లారు చేశారు. గుడిసెల వరస ఉన్నచోట అపార్టుమెంటు పిల్లలు ఈతకొడుతుంటారు. మా మఠానికి కొన్నేళ్లుగా అమ్మాయిలెవరూ రావడం లేదు. కొత్తగా చేరేవాళ్ల గదిలో పరుపులు హాస్టలుకు పంపేశాం. నిరుడు పూజ తర్వాత, ఐటీ కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి నన్ను ఆపి, దేవుడి పిలుపు నిజమైనదని ఎలా తెలిసిందని అడిగింది. తెలియలేదని, తెలియకుండానే వచ్చానని, ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో దేవుణ్ని అదే అడుగుతుంటానని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, కొన్నాళ్లు మాతో ఉండి చూస్తానంది. మిగిలిన ఒక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచాను. ఆమె రాలేదు. మొన్న ఆ దుప్పటి దుమ్ము దులిపి, మడతపెట్టి, బీరువాలో పెట్టాను.